దంపుడుబియ్యము, మరబియ్యము

నలుగురు పెద్దలు చేరినచోట, అది పెండ్లిపందిరి యైనను పెద్దకర్మనాటి పంక్తి యైనను, మాట చక్కెరవ్యాధి మీదికి మరలినతోడనే వెనుకటి తరమువారి దేహదార్ఢ్యమును గూర్చిన ప్రశంస యొకటి తప్పక వినవచ్చును. జొన్నసంకటి తిని పదిక్రోసులు నడచిన తాతలు, పది పురుళ్లు పోసికొనియు కలుపుతీతకు వంగిన అవ్వలు, కంటద్దములు లేకయే పంచాంగము చదివిన ముత్తాతలు ఆ ప్రశంసలో వరుసగా ఊరేగుదురు. వారి ప్రక్క నిలువబెట్టబడిన మనుమడో, ముప్పదియైదవ యేటనే రక్తపుపోటు మాత్ర మ్రింగుచు, ప్లాస్టిక్ పెట్టెలో వచ్చిన బిర్యానీ ముందర దోషివలె తలవంచుకొని కూర్చుండును. ఈ తీర్పులో కొంత సత్యము లేకపోలేదు. కాని సాక్షులనందరను పిలువకయే తీర్పు చెప్పుచున్నారని నా అభ్యంతరము.

ఏలయనగా, మనము చూచిన తాతలు బ్రతికి బట్టకట్టినవారు. బట్టకట్టనివారు మన యెరుకలోనికే రాలేదు. 1941–51 దశాబ్దమున భారతదేశమున సగటు ఆయుర్దాయము రమారమి 32 సంవత్సరములు. నేడది 70 చేరినది. అందరును ముప్పది రెండవయేటనే గతించిరని దీని యర్థము కాదు. పురిటిలో తల్లియో బిడ్డయో పోవుట, పోనిబిడ్డను అయిదేండ్లలోపల అమ్మవారో కలరాయో ఎత్తుకొనిపోవుట ఇంటింటి కథయై, ఆ గండములు గడచినవాడు మాత్రమే డెబ్బది యెనుబది యేండ్లు జీవించి మనుమలకు దర్శనమిచ్చెనని యర్థము. తెలంగాణమునను రాయలసీమయందును దిగుడుబావుల నీరు త్రాగిన పల్లెలలో నారికురుపు పురుగు కాలిచర్మమును చీల్చుకొని వెలికి రాగా, దానిని పుల్లకు చుట్టి దినమునకు కొంచెము కొంచెముగా లాగుకొనుచు, నాట్లకాలమంతయు మంచమున పడియుండిన తరమది. ఆ పురుగు ఈ దేశమునుండి తొలగినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపరచినది 2000లో మాత్రమే. ఉత్తరాంధ్ర తీరమున, శ్రీకాకుళము విశాఖపట్టణము జిల్లాల పల్లెలలో, స్త్రీలు చుట్ట వెలిగించి నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చెడివారు. అడ్డపొగ యని దానికి పేరు. సముద్రపుగాలికి చుట్ట ఆరిపోదనియు, చేతులు పనిలో నుండగనే పొగ త్రాగవచ్చుననియు దాని సౌకర్యమును వర్ణించెడివారు కలరు. ఆ నిప్పువేడికి అంగిలి తెల్లబారి, పొక్కి, కొందరిలో క్యాన్సరుగా పరిణమించుటను విశాఖ వైద్యులు దశాబ్దముల తరబడి చూచిరి. పాతయలవాట్లన్నియు ఆరోగ్యహేతువులే యని వాదించువారు ఆ అవ్వలనోట దీపము వేసి చూచినవారు కారు.

ఇక ఆహారమునకు వత్తము; ప్రశంస యంతయు తుదకు అచ్చటనే చేరును గదా.

వడ్లు దంచుట కన్నులార చూచినవారు ఇప్పుడు తగ్గిపోయినారు గనుక కొంచెము వివరించుట అవసరము. మా యింటి వెనుక వసారాలో కుందెన యమర్చిన రోటిలో వడ్లు పోసి, ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలిచి, ఒకరి రోకలి లేచునప్పటికి వేరొకరి రోకలి పడునట్లు పోటు తప్పక దంచెడివారు; అడుగున ఇనుప పొన్ను తొడిగిన ఆ రోకలి బరువు చేతులకంటె నడుమునకు ముందు తెలియును. మొదటి పాటున ఊక విడివడును. చేటలో పోసి చెరుగగా ఊక ముందుకు ఎగిరిపోవును, నూకలు ఒకవైపు చేరును, గింజ నిలుచును. రెండవ పాటున తవుడు రాలును. మూడవ పాటు వేసి తెల్లగా తీయుట పండుగలకును, అల్లుడు వచ్చిన దినములకును మాత్రమే. నిత్యపు వంటకు రెండు పాట్లతోనే సరిపెట్టుకొనుటకు కారణము ఆరోగ్యశాస్త్రము కాదు. దంచువారి చేతులు నొచ్చుటయే.

గింజను అంటియుండిన ఆ సన్నని పొరయందే బి1 అను విటమిను అధికముగా నున్నదని తెలియుటకు ముందే, ఇరువదవ శతాబ్దము తొలినాళ్లలో, గోదావరి కృష్ణా మండలములందు బియ్యపుమరలు వెలసినవి. మరకు చేతులు నొవ్వవు. కావున అది మూడవ పాటును నాలుగవ పాటును కూడ వేసి, తవుడు గేదెకును తెల్లగింజ మనుష్యునకును పంచిపెట్టెను. అంతవరకు కలవారి పంక్తికి పరిమితమైన తెల్లన్నము సామాన్యుని విస్తరిలోనికి దిగినది. దానివెంట బెరిబెరి వ్యాధియు విస్తరించినది. అరవదేశమునను మలయాళదేశమునను వడ్లను ఉడికించి ఆరవేసి పిమ్మట దంచు ఆచారముండుటచే, ఆ విటమిను గింజ నడిమికి ఇంకి, మర పట్టినను కొంత మిగిలినది. ఉప్పుడుబియ్యమును మెచ్చని మన సర్కారుజిల్లాలు మాత్రము ఈ వ్యాధికి దేశములోనే పేరుపడినవి. పైగా ఆ బియ్యమును పలుమారులు కడిగి, ఉడికినపిమ్మట గంజి వార్చి పారబోయుట మన వంటలో మర్యాద; ఆ వార్చిన గంజిని ఉప్పువేసికొని త్రాగిన పాలేరునకు, వెండికంచములో భుజించిన యజమానికంటె ఆ పోషకము కొంత యధికముగానే దక్కియుండును. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, తుదకు గుండె నీరసించు ఈ వ్యాధిని శోధించుటకు 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరు పాశ్చర్ సంస్థలోని ఒక్క గదిలో ప్రారంభించిన పరిశోధనశాలయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహారసంస్థ యయ్యెను. తార్నాక దారిలో దినమును దాని ముందుగా పోవువారిలో, అది తెల్లన్నము తెచ్చిన తిప్పలనుండి మొలచినదని యెరిగినవారు కొలదిమందియే యుందురు.

మర వచ్చుటవలన విటమిను పోయినదని వ్రాసిన పురుషులు అనేకులు. రోకలి దింపినందులకు స్త్రీల నడుములకు ఎంత సుఖము కలిగెనో వ్రాసినవారు అరుదు. మా అమ్మమ్మ, ఊరిలోనికి మర వచ్చిననాటినుండి రోటివైపు కన్నెత్తి చూచి యెరుగదు. ఇంటికి వచ్చిన బంధువెవరైన దంపుడుబియ్యపు బలమును పొగడ మొదలుపెట్టినచో, దంచునదెవరని మాత్రము అడిగి లోనికి పోయెడిది. నేడు నగరములలో సంచులమీద దంపుడుబియ్యమని అచ్చువేసి అధికమైన వెలకు అమ్ముచున్నది మరలోనే తక్కువ పట్టు పట్టిన బియ్యము. దానియందు దోషము లేదు సరికదా, దంచు మనిషి లేకయే దంపుడు గుణము దక్కుట నిజమైన అభివృద్ధియే. ఆ మరకు ఈ విద్య నూరేండ్ల క్రిందటనే తెలియును, అడిగినవారే లేకపోయిరి.

అట్లయిన మెట్టసీమలవారి జొన్నలు, సజ్జలు, కొఱ్ఱలు, రాగులు సర్వదోషరహితములా? చిరుధాన్యముల పేరు చెప్పినంతనే చేతులు జోడించు వారికి ఒక సంగతి జ్ఞాపకము చేయవలసియున్నది. దక్కను పీఠభూమిపై జొన్నయే సర్వస్వముగా, పప్పునకు పాలకు నోచుకొనక బ్రతికిన కూలిజనమునకు పెల్లాగ్రా యను వ్యాధి వచ్చుచుండెడిది. ఎండ తగిలిన ముంజేతులు, పాదములు నల్లబారి పొలుసులూడుటయు, మెడచుట్టు పట్టెడ పెట్టినట్లు మచ్చ యేర్పడుటయు, విరేచనములును, ముదిరినపిమ్మట మతి చలించుటయు దాని లక్షణములు. జొన్నమాంసకృత్తులలో ల్యూసిన్ అను అంశము అధికమగుటయే దీనికి హేతువని సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించిరి. ఆ సిద్ధాంతముపై పిమ్మట చర్చలు జరిగినను, ఒకే ధాన్యముపై ఆధారపడిన దరిద్రుని దేహమే ఈ వ్యాధికి నెలవనుటలో వివాదము లేదు. జొన్నరొట్టెతో గోంగూరపప్పును, గడ్డపెరుగును, నువ్వులపొడియు చేరినచో అది దివ్యమైన భోజనము. పచ్చిమిరపకాయయు ఉప్పుకల్లును మాత్రమే చేరినచో అది కడుపు నింపుకొను ఉపాయము. మన జ్ఞాపకములలోని తాత మొదటి విస్తరి ముందు కూర్చుండును. చరిత్రలోని తాత పెక్కుమార్లు రెండవదాని ముందరనే కూర్చుండెను.

ఇందుచేతనే మెట్టసీమలవారు వరియన్నమును రుచికొరకు మాత్రమే గాక గౌరవము కొరకును కోరిరి. పండుగనాడు తప్ప తెల్లన్నము పొయ్యి యెక్కని యిండ్లు అనంతపురమునను, పాలమూరునను ఎన్నియో. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము నిచ్చుట మొదలుపెట్టగా, ఆ యిండ్లలో తొలిసారి దినదినము పండుగయయ్యెను. ఆ పథకమును ఖజానాకు భారమని తూలనాడిన మేధావులు ఆ కాలమున పెక్కురు; మూడుపూటల తినువారు ఒకపూట తినువాని బియ్యమును లెక్కించుట సులువు. ఆకలిని తీర్చిన పథకముగా దానికి నేను నమస్కరింతును. ఐనను, దానితోపాటు జరిగిన వేరొక మార్పును కూడ చెప్పవలసియున్నది. చౌకబియ్యము వచ్చినపిమ్మట పల్లెలో జొన్నకు విలువ తగ్గినది. అనంతపురము చేలలో కొఱ్ఱకు బదులు వేరుసెనగ వచ్చెను. బోరుబావి పడినచోట వరియే దిగెను. తరువాతి రెండు మూడు దశాబ్దములలో ట్రాక్టరు నాగలిని, మోటారు కపిలను, మోటారుసైకిలు కాలినడకను తొలగించినవి. కూడు మారిన నాటికి పని మారలేదు. పని మారిన నాటికి కూడు తిరిగి మారలేదు. ఆ యెడములోనే చక్కెరవ్యాధి ప్రవేశించినది.

2023లో ప్రచురింపబడిన భారత వైద్యపరిశోధనా మండలి మధుమేహ సర్వేక్షణము దేశమున 10.1 కోట్లమందికి ఈ వ్యాధి కలదనియు, మరి 13.6 కోట్లమంది దాని వాకిట నున్నారనియు అంచనా వేసినది. ఇంతమంది ఒక్కమారుగా బుద్ధిహీనులై తిండిపోతులైరని నమ్ముట కష్టము. మన దేహముల నిర్మాణములోనే ఏదో యున్నదని పుణె నగరపు వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ చూపించెను: అచ్చటి పల్లెలలో పుట్టిన శిశువు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండులో సౌతాంప్టన్ నగరమున పుట్టిన శిశువు 3.5 కిలోలు తూగగా, మన శిశువు కండలో మిక్కిలి కృశించియు, చర్మము క్రింది కొవ్వులో ఇంచుమించు వారితో సమానముగా నుండెను. తల్లిగర్భముననే కరవునకు సిద్ధపడి వచ్చిన ఈ దేహమునకు కరవు రాక కలిమి వచ్చినచో, ఆ చక్కెరను ఎక్కడ దాచుకొనవలెనో అది యెరుగదు.

దీనికి మన చెంతనే మరియొక సాక్ష్యము కలదు. 1987–90 మధ్యకాలమున హైదరాబాదు సమీపమున 29 గ్రామములను తీసికొని, వానిలో ఇంచుమించు సగము గ్రామములలో గర్భిణులకును పసిబిడ్డలకును అంగన్‌వాడీ ద్వారా మొక్కజొన్నయు సోయాయు కలిపిన ఉప్మా పెట్టిరి. తక్కిన గ్రామములకు ఆ పథకము అప్పటికి చేరలేదు. ఆ బిడ్డలు పదునెనిమిదేండ్ల లోపు కౌమారమునకు వచ్చినపిమ్మట కొలిచి చూడగా, ఉప్మా తిన్న పల్లెలవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవెక్కియుండిరి; అంతకంటె ముఖ్యముగా, వారి రక్తనాళములు మృదువుగా నుండెను, ఇన్సులిను పనితీరును మెరుగుగా నుండెను. ఈ ఫలితములు 2008లో వెలువడినవి. తల్లి గర్భవతిగా నున్ననాడు అంగన్‌వాడీలో దొరకిన గిన్నెడు ఉప్మా, పదునాలుగు పదునైదేండ్లకు కొడుకు నాడిలో పలుకుచున్నదన్నమాట. అంగన్‌వాడీ ఆయాకు ఇచ్చు జీతమును చూచినచో, ఈ సంగతి మన పాలకులకు ఇంకను తెలియలేదని తోచును.

ఇట్టి దేహమును తెచ్చి మనము ఎచ్చట కూర్చుండబెట్టితిమి? కుర్చీలో. మాదాపూరునందో గచ్చిబౌలియందో అమెరికా పగటివేళను అనుసరించి రాత్రియెల్ల తెరముందు కూర్చుండి, తెల్లవారుజామున రెండుగంటలకు ఆకలియై, ఆ వేళను దొరకు ఏకైక భోజనమగు బిర్యానీని సెల్‌ఫోనులో తెప్పించుకొను యువకునకు, సూర్యాస్తమయమునకు ముందే భుజించిన తాతగారిని ఆదర్శముగా చూపుట ధర్మమా? తాతగారు పెందలకడ తినుట నియమనిష్ఠవలన కాదు. కిరసనాయిలు ఆదాచేయుట కొరకు. ఏకాదశినాడు ఉపవసించుట భక్తివలననే యైనను, తక్కిన దినములలో కొన్నింట ఉపవసించుట బియ్యపుడబ్బా అడుగంటుటవలన. ఆ ఉపవాసమే ఇప్పుడు గంటల లెక్కతో, చందా కట్టిన యాప్‌తో, శిక్షకుని పర్యవేక్షణమున జరుగుచున్నది. కొన్నియేండ్ల క్రిందట మన రెండు రాష్ట్రములలోను అన్నము పూర్తిగా మాని కొబ్బరినూనె త్రాగు వ్రతమొకటి ఊరూర సభలు పెట్టించుకొన్నది. ఆ సభలకు వచ్చిన జనమును చూచి నేను నవ్వలేకపోతిని. దినమునకు నాలుగు మాత్రలు మ్రింగువారు, ఐదవదానికి భయపడి, ఎవరేది చెప్పినను వినుటకు సిద్ధపడి వచ్చినవారు వారు.

నడక సంగతియు నట్టిదే. పూర్వులు నడచిరి, నడువకున్న చేను చేరదు. నేటివాడు నడువవలెనన్న ముందు కారెక్కి ఉద్యానవనము చేరవలెను, ఏలయనగా ఇంటికిని ఉద్యానవనమునకును నడుమ కాలిబాట యన్నది లేదు; ఉన్నచోట దానిపై మిర్చిబజ్జీల బండియో, ట్రాన్స్‌ఫార్మరో, నిలిపియుంచిన మోటారుసైకిళ్లో యుండును. విశాఖపట్టణమున సముద్రతీరపు దారిని ప్రాతఃకాలమున కొంతసేపు వాహనములకు మూసివేయగా, ఆ కొద్దిసేపటిలోనే వృద్ధులు, బాలురు, వ్యాపారులు, పోలీసులు ఎట్లు నడువ మొదలిడుదురో చూచినవారికి, తెలుగువానికి నడుచుట యిష్టము లేదను మాట యెంత యబద్ధమో బోధపడును. చోటిచ్చినచో నడచును. తాత పొందిన ఆరోగ్యము బ్రతుకుతెరువులో కలిసి వచ్చినది, దానికై యతడు వేరుగా ఏ సంకల్పమును చేయలేదు. మనుమనిని మాత్రము ఆ ఆరోగ్యమును పనిగంటలు ముగిసినపిమ్మట, సొంత సొమ్ముతో, సొంత సంకల్పముతో సంపాదించుకొనుమని నిర్బంధించుచున్నాము.

స్త్రీల స్థితి ఇంకను చిత్రముగా నున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ప్రకారము ఆంధ్రప్రదేశములో మూడవవంతునకు మించిన స్త్రీలు అధికబరువు గలవారు. రెండు తెలుగు రాష్ట్రములలోను సగమునకు మించిన స్త్రీలకు రక్తము చాలదు. ఒకే యింట, ఒక్కొక్కచో ఒకే దేహమున, ఈ రెండును కలసి కాపురము చేయుచున్నవి. కడుపు నిండుచున్నది, పోషకము నిండుటలేదు. అందరి విస్తళ్లు లేచినపిమ్మట మిగిలిన అన్నమును మజ్జిగతోనో పచ్చడితోనో ముగించు ఆచారము రోకలి పోయినను పోలేదు. ఆ మిగులు మాత్రము పూర్వముకంటె తెల్లనిదైనది.

దీనికి ప్రభుత్వము కనిపెట్టిన మందు గమనింపదగినది. మరలో గింజపొరను తీసివేసి తెల్లగాచేసిన బియ్యమునకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను చేర్చిన కృత్రిమపు గింజలను నూటికి ఒకటి చొప్పున కలిపి చౌకదుకాణములకు పంపుటయను ఏర్పాటు 2021లో ప్రకటింపబడి దేశమంతట అమలయ్యెను. ముందు తీసివేయుట, పిమ్మట కలుపుట! ఆ ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిన అమెరికాదేశపు లెడర్లీ పరిశోధనశాల బృందమునకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆహారమును దేహమునకు అంటనీయని స్ప్రూ వ్యాధికి యౌవనమున తానే గురియై, ఆ వ్యాధివలననే సోదరవియోగమును అనుభవించిన వాడాయన. గోదావరి డెల్టాలో పుట్టిన ఒక యువకునకు మృత్యుముఖము చూపిన లోపమునకు ఆయన కనుగొన్న ఔషధము, అదే డెల్టా బియ్యములో, మరలోపల కలసి మరల మనయింటికి వచ్చినది. ఔషధమును నేను కాదనను. పొరనే కొంత నిలిపినచో ఔషధపు మోతాదు తగ్గునుగదా యని మాత్రము అడుగుచున్నాను.

2025 ఉగాది మొదలుకొని తెలంగాణ ప్రభుత్వము చౌకదుకాణములలో మనిషికి 6 కిలోల సన్నబియ్యమును ఉచితముగా నిచ్చుచున్నది. వెనుకటి దొడ్డుబియ్యమును కొందరు తినలేక అమ్ముకొనెడివారు. ఇప్పుడు సన్నబియ్యమును ఇంటనే వండుకొని, పట్టణమునుండి బంధువు వచ్చినను నిస్సంకోచముగా వడ్డించుచున్నారు. ఆ గౌరవమును, ఆరోగ్యోపన్యాసము పేర, వారి చేతినుండి లాగుకొనుమని నేను చెప్పను. సోనామసూరి సంచి కొని తినువానికి అట్లు చెప్పు అర్హతయు లేదు. ఆ ఆరు కిలోల ప్రక్కన ఒక కిలో కందిపప్పును, రెండు కిలోల జొన్నలనో రాగులనో, కావలసినవారు తీసికొనునట్లు పెట్టవచ్చును. మరలకు పట్టు తగ్గించుమని కొనుగోలు నియమములలోనే వ్రాయవచ్చును. 2023నుండి రెండు రాష్ట్రముల బడులలోను పిల్లలకు రాగిజావ పోయుచున్నారు. కొందరు పిల్లలు ముఖము చిట్లించినను, బెల్లము సరిగా పడిననాడు గ్లాసులు ఖాళీ యగుచునే యున్నవి.

చిక్కంతయు ఆ రాగులు పండించువాని వద్ద నున్నది. జొన్న, సజ్జ, రాగులకు కేంద్రము ఏటేట మద్దతుధర ప్రకటించుచునే యున్నది. కాని వడ్ల రాశికి ఊరిమొగదల కొనుగోలు కేంద్రము, గోనెసంచులు, లారీ సిద్ధముగా నుండగా, జొన్నరాశి పెట్టుకొన్న రైతు వ్యాపారి చెప్పిన ధరకు తల యూపవలసినవాడగుచున్నాడు. పిట్టలనుండి కంకిని కాపాడుటకు నెలదినములు మంచెమీద కావలి యుండి, తుదకు ఆ ధరకు అమ్ముకొన్నవాడు మరుసటి యేడు బోరు వేయించి వరి నాటినచో, అతనిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు.